అద్దె పడవ, అరువు గాలి

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం. బెంగళూరు పోయే రైలు పట్టా ఈ మూడు ఊళ్లనూ ఒకే దారానికి గుచ్చుకుంటూ పోతుంది. ఊరికొకరుగా ముగ్గురు స్నేహితులు ఉండేవాళ్లు. చిన్నప్పుడు ఒకే హాస్టల్లో, ఒకే చాప మీద పడుకుని చదువుకున్నవాళ్లు. పెద్దయ్యాక ఎవరి కూడు వాళ్లది. ధర్మవరం ఆయన గుంత మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. పెనుకొండ ఆయన ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోతాడు. హిందూపురం ఆయనకు చింతపండు మండీ ఉంది.

ముగ్గురికీ ఒకే రోజు తీరిక దొరకడం గగనం. పెళ్లిళ్ల కాలంలో నేతగాడు మగ్గం దిగలేడు. ఎండాకాలమంతా వ్యాపారికి మండీయే ఇల్లు. ఫ్యాక్టరీ ఆయనకు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. చివరికి ఆషాఢం వాళ్లను కలిపింది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పట్టుచీరల బేరం మందగిస్తుంది. చింతపండు అప్పటికే కోల్డ్ స్టోరేజీకి చేరి ఉంటుంది. ఫ్యాక్టరీకి ఎలాగూ ఆదివారం సెలవు. నేతగాడు పదేళ్ల కూతుర్ని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు.

ఏ చెరువని అడక్కండి. ధర్మవరానికీ పెనుకొండకూ నడుమ ఏ చెరువైనా అనుకోండి, కథకు అది చాలు. పడమట రామగిరి గుట్టల మీద గాలిమరలు కనిపిస్తుంటాయి. తూర్పున రాతి కట్ట, దానికొక తూము, ఆ చివర మరవ. పడమటి గట్టున రేకుల షెడ్డు, దాని ముందు బాతు బొమ్మల పెడల్ బోట్లు నాలుగు. తోలేవాడు వేరే ఉండడు. అద్దె కట్టినవాడే తొక్కుకోవాలి, తిప్పుకోవాలి, మళ్లీ తెచ్చి అప్పజెప్పాలి. షెడ్డు చూసుకునే పెద్దాయన ఒకప్పుడు అరిగోలు అనే గుండ్రటి పడవ మీద పోయి వలలు వేసి బతికినవాడు. ఆ అరిగోలు ఇప్పటికీ షెడ్డు పక్కన బోర్లించి ఉంది.

"గంటకెంత సామీ?" అన్నాడు వ్యాపారి.

పెద్దాయన రేటు చెప్పాడు.

"మూడు గంటలు తీసుకుంటాం. రెండు గంటల దుడ్డు ఇస్తా."

"మూడు గంటలు మీరు తొక్కలేరు నాయనా. ఒక గంట తీసుకోండి, శానా అయితాది."

వచ్చే డబ్బును వద్దనేవాణ్ని వ్యాపారి తన మండీలో ఏనాడూ చూడలేదు. ఇందులో ఏదో మర్మం ఉందనుకుని గంటకే కట్టాడు. పెద్దాయన నోట్లు రొంటిన దోపుకున్నాడు.

"ఒక మాట ఇనుకోండి. ఈ పడవకు అద్దె రెండుసార్లు కట్టాల. పొయ్యేటప్పుడు చెయ్యి కడతాది. వచ్చేటప్పుడు కాలు కడతాది."

"రెండోదానికి రసీదు ఇస్తావా?" వ్యాపారి నవ్వాడు.

"రసీదు ఉంటాది లేప్పా. ఇచ్చేది నేను గాదు."

ఫ్యాక్టరీ ఆయన అప్పటికే పడవ చుట్టూ తిరిగి చూస్తున్నాడు. బండి కనిపిస్తే బానెట్ ఎత్తి చూడాలనిపించే మనిషి. "పెద్దాయనా, దీనికి బ్రేకు యాడ?"

"కాలు ఆపితే అదే బ్రేకు."

"అప్పుడు నిలబడతాదా?"

"నిలబడదు. గాలి యాడికి తోలితే ఆడికి పోతాది."

"మరి ఈ స్టీరింగు?"

"కాలు ఆడినంతసేపే చెయ్యి మాట వింటాది. కాలు ఆగితే నువ్వు ఎంత తిప్పినా అది వట్టి కట్టె."

ఫ్యాక్టరీ ఆయనకు ఇదంతా చాదస్తంగా తోచింది. పదిహేనేళ్లుగా చక్రం పట్టిన చెయ్యి తనది. ఘాట్ రోడ్డులో లారీలను దాటినవాడికి బాతు బొమ్మ ఒక లెక్కా?

నేతగాడు మాత్రం ఇంకా అద్దె దగ్గరే ఉన్నాడు. "పెద్దాయనా, రెండో అద్దె ఎంత అయితాదో ముందే చెప్తావా?"

పెద్దాయన అతని వైపు మొదటిసారి నిదానంగా చూశాడు. జవాబు చెప్పలేదు. పడమటి గుట్టల మీద తిరుగుతున్న గాలిమరల వైపు వేలు చూపించాడు. "దాన్ని అడుగు."

చెప్పులు షెడ్డులో విడిచారు. లైఫ్ జాకెట్లు తెచ్చి ఇస్తే వ్యాపారి ముక్కు మూసుకున్నాడు. ఎన్ని ఒళ్ల చెమట పీల్చిందో, తడి ఆరని కంపు. వేసుకోకపోతే పడవ ఇవ్వనని పెద్దాయన అన్నాడు గనక భుజాలకు తగిలించుకున్నాడే గానీ బకిల్ పెట్టుకోలేదు. ఫ్యాక్టరీ ఆయనా అంతే. పాప జాకెట్ బకిళ్లు మాత్రం నేతగాడే పెట్టి, రెండుసార్లు లాగి చూశాడు.

రెండు పడవలు నీళ్లలో పడ్డాయి, ఒకదాంట్లో ఇద్దరు స్నేహితులు, ఇంకోదాంట్లో నేతగాడూ పాపా. ఇద్దరు స్నేహితుల పడవ గట్టు వదిలిందో లేదో తూర్పు ముఖంగా దూసుకుపోయింది. పెడల్ మీద కాలు పెట్టడమే ఆలస్యం, పడవే కాలిని లాక్కుపోతున్నట్టుంది.

"మన కాళ్లలో ఇంత సత్తువ ఉందని తెలీదు కదరా!" అన్నాడు వ్యాపారి.

"మండీలో కూర్చున్నా జిమ్ముకు పోయినోడి మాదిరి ఉండావు నువ్వు" అన్నాడు ఫ్యాక్టరీ ఆయన.

వెనక్కి తిరిగి చూస్తే నేతగాడి పడవ ఇంకా గట్టు దగ్గరే ఉంది. అదీ తూర్పుకు కాదు, ఎదురుగా పడమటి మూలకు పోతోంది. గట్టు వెంబడి చీమలా పాకుతోంది. తండ్రీ కూతురూ ఒంగి తొక్కుతున్నారు.

"రేయ్, ఆడ ఏముందిరా? తుంగ, బర్రెలు! ఇట్ల రా!" అని కేకేశాడు వ్యాపారి. గాలి ఆ కేకను వెనక్కి పోనివ్వలేదు.

చెరువు నడుమకు వచ్చేసరికి ఫ్యాక్టరీ ఆయన కాళ్లు ఆపాడు. "మనం క్రికెట్ ఆడింది ఈడే కదరా?"

అవును. వాళ్ల చిన్నతనంలో ఇది ఎండిన చెరువు. నెర్రెలు బారిన ఒండ్రు మీద వికెట్లు పాతి ఆడేవాళ్లు. మోటార్ సైకిల్ మీద ఈ గట్టు నుంచి ఆ కట్ట దాకా అడ్డంగా పోయేవాళ్లు. వాళ్లకు చెరువంటే నీళ్లు కాదు, మైదానం. ఇప్పుడు ఆ మైదానం మీద రెండు నిలువుల నీళ్లున్నాయి. నడుమ ట్రాక్టర్లు మట్టి తోలుకుపోయిన గుంతల్లో ఇంకా ఎంత లోతుందో పైనుంచి చూసేవాడికి తెలియదు. ఎండినప్పుడు కాలితో కొలిచిన చెరువు కాబట్టి నిండినప్పుడూ తమకు తెలిసిందే అనుకున్నారు ఇద్దరూ.

ఇరవై నిమిషాల్లో కట్ట దగ్గరికి చేరారు. అక్కడ నీళ్లలో సర్కారు తుమ్మ కంప మునిగి ఉంది, కొనలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. వాటి నడుమ థర్మోకోల్ ముక్కలు వరసగా ఊగుతున్నాయి, కింద వలలున్న గుర్తుగా. వ్యాపారి ఫోన్ తీశాడు. వెనక గాలిమరలు పడేలా ఇద్దరి ఫోటో. ఒకటి బాగా రాలేదు. రెండోది తీశాడు. మూడోది తీసేసరికి పడవ వెనకభాగం కంపకు తగిలింది.

"ఇంక పోదాం పా" అన్నాడు ఫ్యాక్టరీ ఆయన. తిప్పారు.

అప్పుడు తెలిసింది గాలి అంటే ఏమిటో. ఇంతసేపూ వీపు తట్టిన చెయ్యే ఇప్పుడు రొమ్ము మీద పెట్టి నెడుతోంది. పెడల్ బోటు నీళ్లలో దిగేది జానెడు, నీళ్ల పైన లేచేది నిలువెత్తు. బాతు తల, వీపులు ఆనే పలకలు, నెత్తిన ఎండ తగలకుండా వేసిన గుడ్డ కప్పు, అన్నీ గాలికి తెరచాపలే. పోయేటప్పుడు అవే తమను మోసుకొచ్చాయన్న సంగతి ఇద్దరికీ ఇప్పుడు గుర్తొచ్చింది.

కంప నడుమ ఒక ఎండు తుమ్మ మోడు ఉంది. ఫ్యాక్టరీ ఆయన దాన్ని గురుతు పెట్టుకున్నాడు. అయిదు నిమిషాలు తొక్కారు. మోడు అక్కడే ఉంది. ఇంకో అయిదు నిమిషాలు తొక్కారు. పిక్కలు రాళ్లయ్యాయి. మోడు అక్కడే ఉంది. ఊపిరి తీసుకుందామని కాలు ఆపారు. ఈసారి మోడు ముందుకు పోయింది.

"వెనక్కి పోతాండాం రా!" అన్నాడు వ్యాపారి.

స్టీరింగు ఆ కొసకు తిప్పాడు ఫ్యాక్టరీ ఆయన. పడవ వినలేదు. కాలు ఆడనిదే చెయ్యి మాట వినదన్న ముక్క అప్పుడు తగిలింది. మళ్లీ తొక్కబోతే పెడల్ సగం తిరిగి ఆగిపోయింది. కింద చక్రానికి వల చుట్టుకుంది. ఏం తట్టుకుందో చూద్దామని వ్యాపారి లేచి నిలబడి పక్కకు ఒంగాడు. పడవ ఒరిగింది. చల్లటి నీళ్లు ఒళ్లోకి వచ్చాయి. జాకెట్ ఒక భుజం మీద నుంచి జారి వేలాడింది. ఫ్యాక్టరీ ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగకపోతే ఈ కథ నీతి దాకా వచ్చేది కాదు.

ఫోన్ చేస్తే నేతగాడు ఎత్తాడు. "యాడున్నావురా?"

"షెడ్డులో. టీ తాగుతాండా. పాప ఇంకో రౌండ్ పోదాం అంటాంది."

సంగతి విన్న పెద్దాయన ఏమీ అనలేదు. అరిగోలు నీళ్లలో వేసి కూర్చున్నాడు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు తుంగభద్ర మీద ఈ గుండ్రటి పడవలను చూసి, ఇవి తిన్నగా పోవు, తిరుగుతూనే పోతాయి అని రాసుకున్నాడు. పెద్దాయన అరిగోలూ అలాగే తిరుగుతూ తిరుగుతూ, గాలి తోలిన దారినే వాళ్ల దగ్గరికి వచ్చింది. వస్తూనే ఆయన చేసిన మొదటి పని ఇద్దరి జాకెట్ల బకిళ్లు పెట్టించడం.

"లేచి నిలబడొద్దండి. కూర్చోనే ఉండండి. నీల్లు కూర్చున్నోన్ని ఏమీ అనవు."

ఫ్యాక్టరీ ఆయన జేబులోంచి చాకు తీశాడు, వల కోద్దామని. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "కొయ్యాకు నాయనా. అది ఇంకొకరి కూడు." నీళ్లలోకి చెయ్యి పెట్టి, మడత మడత వెతికి, కాలిలో దిగిన ముల్లు తీసినంత ఓపికగా వల విప్పాడు. తర్వాత పడవను కంప పక్కనుంచి కట్ట రాళ్ల దగ్గరికి నడిపించి తాడుతో కట్టేశాడు. దాని పక్కనే తన అరిగోలూ కట్టాడు.

"ఎక్కండి కట్ట."

"మరి పడవ?"

"ఈ గాలికి ఎదురు తోలడం నా చేత కూడా కాదు. రేపు తెల్లారుజామున వస్తా. అప్పుడు చెరువు నిద్రపోతా ఉంటాది, అద్దం మాదిరి. మాట్లాడకుండా తోలుకొస్తా."

"మేం ఎట్ల పొయ్యేది?"

పెద్దాయన కట్ట వైపు చూపించాడు. కట్ట ఈ కొస నుంచి మరవ మీదుగా, అక్కడి నుంచి చుట్టూ తిరిగి షెడ్డు దాకా రెండు మైళ్లకు తక్కువ ఉండదు. ఇద్దరూ తమ కాళ్ల వైపు చూసుకున్నారు. చెప్పులు షెడ్డులో ఉన్నాయి.

ఆ సాయంత్రం హిందూపురం చింతపండు వ్యాపారి, పెనుకొండ ఫ్యాక్టరీ ఉద్యోగి చెరువు కట్ట మీద వట్టికాళ్లతో నడిచారు. ఎండకు కాగిన రాళ్లు, పశువుల గిట్టలకు విరిగిన తుమ్మ ముళ్లు, ఎండు పల్లేరుకాయలు. పదడుగులకొకసారి ఒకరు కూర్చుని ముల్లు తీసుకుంటే రెండోవాడు పట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన ముందు నడిచాడు. ఆయన కాళ్లకూ చెప్పులు లేవు, కానీ ఆ అరికాళ్లకు ఈ కట్ట చుట్టమే.

షెడ్డు చేరేసరికి సందకాడ అయింది. గాలి సన్నగిల్లింది. వ్యాపారి పర్సు తీశాడు. మూడు గంటలైంది, మూడు గంటలకూ కడతానన్నాడు. ఈసారి బేరం లేదు.

పెద్దాయన తీసుకోలేదు. వాళ్ల అరికాళ్ల మీది రక్తపు చుక్కల వైపు చూశాడు. "కట్టేసినారు కదప్పా రెండో అద్దె. రసీదు కూడా ఇచ్చినాదే."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఫ్యాక్టరీ ఆయన నేతగాణ్ని అడిగాడు. "నీకెట్ల తెలిసిందిరా? నువ్వూ ఎప్పుడూ పడవ ఎక్కినోడివి కాదు కదా?"

"పడవ తెలీదు నాకు. మగ్గం తెలుసు. ఒళ్లంతా నేసి కొంగు కాడికొచ్చేసరికి జరీ అయిపోతే చీర ఏమైతాది? కండెలో ఎంత ఉందో చూసుకోకుండా నాడె ఎత్తను నేను. పెద్దాయన రెండో అద్దె అన్యాడు. సరే, కొంగుకు ఎంత కావాల్నో ముందు పక్కన పెట్టుకుందాం అనుకున్యా. సత్తువ ఉన్నప్పుడే ఎదురుగాలికి పోయినాం. అలిసిపోయినాక గాలే తోలుకొచ్చినాది."

వ్యాపారి అరికాలు రుద్దుకుంటూ తన లెక్క తను చెప్పుకున్నాడు. "అరువు తెచ్చిన సరుకును లాభం కింద రాసుకున్యా రా నేను."

ఫ్యాక్టరీ ఆయన చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. "నేను రివర్సు గేరు ఉంటాది అనుకున్యా."

నీతి

పోయేటప్పుడు మన వెనక ఉన్న గాలి మన బలం కాదు. అది అరువు. అరువును సొంత ఖాతాలో రాసుకున్నవాడు తిరుగు దారిలో దాన్ని వడ్డీతో సహా కడతాడు.

కథలోని గాలి కల్పన కాదు. నైరుతి రుతుపవనాలు తెచ్చే వాన చాలావరకు పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది, మన దాకా వచ్చేది ఎక్కువగా గాలే. అందుకే రామగిరి గుట్టల మీద 1990ల నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి, వాటి కింద పొలాలు ఆకాశం కేసి చూస్తున్నాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. ఇక్కడ నీళ్లు ఎప్పుడూ ఉన్నవి కావు, తెచ్చుకున్నవి. 1388లో పెనుకొండలో ఉన్న విజయనగర యువరాజు ప్రతాప బుక్కరాయలు, పెన్నను పెనుకొండకు తీసుకురమ్మని సింగయభట్టును ఆదేశించాడు. జలసూత్రం తెలిసిన ఆ పండితుడు కాలువ తవ్వించి సిరువేర చెరువుకు నీళ్లు చేర్చాడు. ఆ సంగతి శాసనంలో ఉంది. ధర్మవరం చెరువూ, బుక్కపట్నం చెరువూ నిండాలంటే నంది కొండల వైపు వాన కురిసి చిత్రావతి కదలాల్సి వచ్చేది. మన కాలంలో పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకు వచ్చే కృష్ణ నీళ్లు శ్రీశైలం వెనక జలాల నుంచి, మాల్యాల దగ్గర పంపులెత్తి పోస్తే, మెట్టు మెట్టుగా హంద్రీ నీవా కాలువలెక్కి వస్తున్నాయి. అంటే కథలో పడవ ఒక్కటే కాదు, దాని కింద నీళ్లూ అద్దెవే.

ఈ నేల మనుషులకు దప్పిక తెలుసు, నీళ్లు తెలియవు. బోరు ఎన్ని అడుగులకు పడుతుందో చెప్పగలిగినవాడు చెరువు ఎన్ని అడుగుల లోతో చెప్పలేడు. ఏళ్ల తరబడి ఎండి ఉన్న చెరువు నిండితే మనకు అది పండగ. మరవ పారితే కొబ్బరికాయ కొడతాం, పిల్లలను ఎత్తుకుపోయి చూపిస్తాం. ఆ సంబరంలో భయం గుర్తుండదు. 2017 ఏప్రిల్‌లో గుంతకల్లు దగ్గర వై.టి. చెరువులో సరదాగా పడవెక్కిన బంధువర్గం మీద ఆ పడవ తిరగబడి పది మందికి పైగా చనిపోయారు. చిన్న పడవ, ఎక్కువ మంది. ప్రమాదానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేకపోయింది. అదే ఏడాది నవంబరు 12న కృష్ణా గోదావరి పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాలు రాష్ట్రమంతా చూసింది. అక్కడ చుక్కాని ఇంకొకరి చేతిలో ఉంది, కాబట్టి తప్పు అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. సొంతంగా తోలుకునే పడవలో ప్రయాణికుడూ మనమే, సరంగూ మనమే. తప్పు అడగాలంటే నీళ్లలో మన నీడ తప్ప ఎవరూ ఉండరు.

కాబట్టి ఇటువంటి పడవ తీసుకునేవాళ్లకు పెద్దాయన తరఫున నాలుగు మాటలు. ఎక్కే ముందు గాలి ఎటు కొడుతోందో చూడండి. గాలిమర లేకపోతే జెండానో, చెట్టు ఆకునో, నీటి మీది ముడతనో చూస్తే తెలుస్తుంది. ముందు గాలికి ఎదురుగా పొండి, తిరిగి వచ్చేటప్పుడు అదే తోలుకొస్తుంది. గంటకు తీసుకుంటే అందులో మూడో వంతు కాగానే వెనక్కి తిరగండి. డబ్బు గంటకు కట్టాం గదా అని గంటా దూరం పోయేవాడు తిరుగు ప్రయాణానికి కాలం కొనుక్కోలేదని మరిచిపోయినట్టే. లైఫ్ జాకెట్ భుజాన తగిలించుకుంటే అది గుడ్డ ముక్క, బకిల్ పెడితేనే ప్రాణరక్షణ. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ తొడగొద్దు, నీళ్లలో పడితే అది పైకి లేచిపోతుంది, పిల్ల కిందికి పోతుంది. పడవలో రాసి ఉన్న సంఖ్య కంటే ఒక్కరు ఎక్కువైనా గట్టు మీదే ఆగండి. ఫోటో కోసం నిలబడొద్దు, అందరూ ఒకే పక్కకు జరగొద్దు. ఒకవేళ తిరగబడితే ఈదుకుంటూ గట్టుకు పోవాలని చూడొద్దు. ఫైబర్ పడవ సాధారణంగా బోర్లాపడినా తేలుతూనే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉండండి, వచ్చేవాళ్లకు మనిషి తల కంటే పడవ బాగా కనిపిస్తుంది. షెడ్డు ఫోన్ నంబరు ఎక్కకముందే రాసుకోండి.

పడవ మాట పక్కన పెట్టినా, ఈ గాలి మన ఊళ్లలో ప్రతి ఇంటి మీదా వీస్తూనే ఉంటుంది. మొదటి బోరులో నీళ్లు పడ్డ ఏడాది వచ్చిన పంటను చూసి, అది తన లెక్క అనుకుని ఇంకో నాలుగు బోర్లకు అప్పు తెచ్చిన రైతు కథ సీమలో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. శ్రావణం ముహూర్తాల్లో చీరలు అమ్ముడుపోయిన జోరు చూసి ఇంకో రెండు మగ్గాలు దింపి, మళ్లీ ఆషాఢం వచ్చేసరికి వాటి మీద దుమ్ము దులుపుకునే ఇళ్లూ ఉన్నాయి. ఓవర్‌టైం డబ్బును జీతం అనుకుని కారు కంతులకు సంతకం పెట్టిన కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లెవరూ సోమరులు కారు, తెలివి తక్కువవాళ్లూ కారు. కథలోని ఇద్దరిలాగే కాళ్లు శక్తికొద్దీ ఆడించారు. కాకపోతే ఎంత దూరం కాలు తొక్కింది, ఎంత దూరం గాలి తోలింది అని విడదీసి చూసుకోలేదు. మంచి రోజుల్లో ఆ రెండూ కలిసిపోయి ఉంటాయి. విడదీసి చూసుకోవలసింది కూడా ఆ మంచి రోజుల్లోనే. ఎదురుగాలి మొదలయ్యాక లెక్క ఎవరూ అడగక్కర్లేదు, దానంతట అదే తేలుతుంది.

ఎరువుల సొమ్ము బరువుల చేటు అన్నారు పెద్దలు. ఇక్కడ ఎరువంటే అరువే. పెట్టుకునేటప్పుడు మెరిసే నగే తిరిగి ఇచ్చేటప్పుడు బరువవుతుంది. ఎరువు వద్దని ఆ సామెత అర్థం కాదు. ఈ నేల మీద కాలువ నీళ్లు, కండెలో పట్టు, చెరువులో పడవ అన్నీ ఎరువే, అవి లేనిదే బతుకు సాగదు. తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టు గుర్తుంచుకోవాలి, అంతే. కొంగుకు కావలసిన జరీ పక్కన పెట్టుకున్నాకే ఒళ్లు నేయాలి.

ఈ ఆషాఢంలో మీరూ ఏ చెరువుకో, ఏ రిజర్వాయరుకో పోతే తప్పకుండా పడవెక్కండి. ఇంత కరువు చూసిన కళ్లకు అన్ని నీళ్ల నడుమ కూర్చోవడం నిజంగా భాగ్యమే. కాకపోతే గట్టు మీద ఉన్న పెద్దాయనను రెండో అద్దె ఎంతో అడిగి తెలుసుకోండి. ఆ తర్వాతే మొదటి అద్దె కట్టండి.